పసుపు దిమ్మె: గన్ సీసం 310 అంటోంది, సర్టిఫికెట్ 'లేదు' అంటోంది

దిమ్మెలపెట్టె
దిగుమతి చేసుకున్న చెక్క దిమ్మెల సెట్టు. ఎనిమిది రంగులు. చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్ కిరణాలతో లోహాల్ని కొలిచేది) ప్లాస్టిక్ మోడ్‌లో 30 సెకన్లు పెడితే పసుపు దిమ్మె మీద సీసం 310 ± 12 పీపీఎం (కిలోకి మిల్లీగ్రాములు), క్రోమియం 190, ఆర్సెనిక్ 38, బేరియం 2 శాతం పైన చూపించింది. మిగతా ఏడు రంగుల్లో సీసం లేదు, బేరియం మాత్రం అన్నిట్లో ఉంది. సరఫరాదారు ఇచ్చిన ఈఎన్ 71-3 (యూరప్ బొమ్మల ప్రమాణం) రిపోర్టులో సీసం 'గుర్తించబడలేదు', కింద లావుపాటి అక్షరాలతో 'పాస్'. గన్ తప్పా, రిపోర్టు తప్పా? సరుకు ఆపాలా, వదలాలా?

కేఈవీ_కన్ను
రెండూ కరెక్టే కావచ్చు, రెండూ తప్పే కావచ్చు. గన్ చూసేది రంగులో ఉన్న సీసం మొత్తాన్ని. ఈఎన్ 71-3 చూసేది కడుపులోని యాసిడ్ లాంటి ద్రావణంలోకి ఎంత సీసం దిగుతుందో అంతే. ఉన్నది వేరు, ఊరేది వేరు. ఆ రెండు నంబర్లను పక్కపక్కన పెట్టి ఏది అబద్ధం అని అడగడం కుదరదు.

పైగా చెక్క మీద పూతకి ప్లాస్టిక్ మోడ్ ఏంటండీ? ఆ మోడ్ బొమ్మంతా పైనుంచి కిందిదాకా ఒకే పదార్థం అనుకుంటుంది. మీది 20, 25 మైక్రాన్ల పూత, దాని కింద వట్టి చెక్క. సీసం కిరణాలు చెక్కలో కొన్ని మిల్లీమీటర్ల లోతు నుంచి కూడా వస్తాయి. పూతలో ఉన్న సీసాన్ని ఆ చెక్క బరువు మీద కూడా పరిచేసి 310 అని చెప్తోంది గన్. పూత వరకే లెక్కేస్తే చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది.

పీపీఎం_పంతులు
ముందు ఏ 90, ఏ 100 గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు.

అమెరికాలో పూతలో మొత్తం సీసం 90 పీపీఎం దాటకూడదు. 2009 ఆగస్టు నుంచి ఆ అంకె, అంతకుముందు 600 ఉండేది. పూత కింద ఉన్న ప్లాస్టిక్, లోహం లాంటి అసలు పదార్థంలో మొత్తం సీసం 100 పీపీఎం, అది 2011 ఆగస్టు నుంచి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8124-3లోనూ, దాన్ని అనుసరించే మన దేశపు ఐఎస్ 9873 మూడో భాగంలోనూ 90 ఉంది కానీ అది మొత్తం కాదు, యాసిడ్‌లోకి దిగిన సీసం. ఈఎన్ 71-3లో గీకితే వచ్చే పూత మూడో వర్గం, దిగే సీసం 23. అది కూడా 2018 అక్టోబరు 28 నుంచి, అంతకుముందు 160.

మీ రిపోర్టులో పరిమితి అనే గడిలో ఏ అంకె ఉంది?

దిమ్మెలపెట్టె
160 ఉంది.

పీపీఎం_పంతులు
అయితే అది 2018కి ముందు రిపోర్టు, లేదా దాన్ని చూసి దించిన కాపీ. తేదీ చూడండి. సాంపిల్ వివరణలో ఏం రాశారో కూడా చెప్పండి.

దిమ్మెలపెట్టె
2016. వివరణ: 'బహుళ రంగుల పూత, మిశ్రమం'. ఫొటోలో దిమ్మెల అంచులు గుండ్రంగా ఉన్నాయి, నా దగ్గరున్నవి చదరం.

నస_నాణ్యత
అంటే ఎనిమిది రంగులూ కలిపి గీకి, ఒక్క నంబరు ఇచ్చారు. ఎనిమిది మంది జ్వరం కొలిచి సగటు చెప్పినట్టు. ఏడుగురికి జ్వరం లేకపోతే ఎనిమిదో వాడు కూడా ఆరోగ్యవంతుడే!

తూకంరాయి
మిశ్రమం చేయడమే తప్పు కాదు, లెక్క తెలిసి చేస్తే. మూడు రంగులు సమానంగా తూచి కలిపితే, ఫలితం పరిమితిలో మూడో వంతు దాటగానే ఆపి విడివిడిగా చేయాలి. 90 పరిమితి అయితే మిశ్రమంలో 30 వచ్చినా గంట మోగినట్టే. ఎనిమిది కలిపితే ఆ గీత 11కి పడిపోతుంది. ల్యాబ్ రిపోర్టింగ్ లిమిట్ (ఇంతకన్నా తక్కువైతే 'గుర్తించబడలేదు' అని రాసే అంకె) 10 దగ్గరుంటే ఇంక కనబడేదేముంది? మూడు దాటి కలపొద్దు. సమానంగా తూచకపోతే అదీ వద్దు.

సందేహాలపుట్ట
ఇంత హడావుడి ఎందుకు, పుల్లతో రుద్దితే రంగు మారే కిట్లు ఉన్నాయిగా? రోడిజొనేట్ అని ఏదో. గులాబీ రంగొస్తే సీసం, రాకపోతే లేదు.

గీకుడుకత్తి
రాకపోతే లేదు అన్న రెండో సగమే అబద్ధం. ఆ పుల్లలు పాత ఇళ్ల గోడల రంగు కోసం పుట్టినవి, అక్కడ వెతికేది 0.5 శాతం, అంటే 5000 పీపీఎం. మనం వెతికేది 90. 2007లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం వీటిని పరీక్షిస్తే 104 ఫలితాల్లో 56 సీసం ఉన్నా లేదని చెప్పాయి.

పైగా పసుపు రంగుకి అసలు పనికిరాదు. పసుపులో సీసం ఉంటే సాధారణంగా సీసపు క్రోమేట్ రూపంలో ఉంటుంది, అది పుల్లలోని బలహీనమైన యాసిడ్‌కి సులభంగా లొంగదు. ఎరుపు రంగు మీద రుద్దితే రంగే పుల్లకి అంటుకుని గులాబీగా కనబడుతుంది. సల్ఫైడ్ కిట్లు నల్లబడతాయి, కానీ ఇంకొన్ని లోహాలకూ నల్లబడతాయి. మిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ ద్రావణం చల్లి 365 నానోమీటర్ల టార్చి వేసి ఆకుపచ్చ మెరుపు కోసం చూసే పద్ధతి వీటికన్నా చాలా సున్నితం. అయినా అది చెప్పేది ఉందా లేదా అనే, ఎంత అని కాదు.

ఆర్గాన్‌జ్వాల
గీకుడుకత్తి క్రోమేట్ అంటున్నాడు కానీ నాకు అనుమానమే. సీసపు క్రోమేట్‌లో సీసం, క్రోమియం ఒకటికొకటి. బరువుల్లో 207కి 52, అంటే దాదాపు 4:1. గన్ చూపించిన సీసం 310 అయితే క్రోమియం 78 దగ్గర ఉండాలి. 190 ఉంది. వేరే సీసం, వేరే క్రోమియం పిగ్మెంట్ కలిసి ఉండొచ్చు.

కేఈవీ_కన్ను
@ఆర్గాన్‌జ్వాల నిష్పత్తి కరెక్టు, దాన్ని పలచటి పూత మీద గన్ అంకెలకి వాడటం కరెక్టు కాదు. సీసం పంపే గుర్తు కిరణాలు, అంటే ఎల్ రేఖలు, 10.5, 12.6 కేఈవీ (కిరణం శక్తికి కొలత). క్రోమియం 5.4 కేఈవీ. 5.4 అంటే నీరసపు కిరణం, చెక్కలో కొంచెం దూరంలోనే ఆగిపోతుంది. మందపాటి పదార్థంలో పై పొరలోని క్రోమియం మాత్రమే కనబడుతుందని గన్‌కి నేర్పారు. మీ పూతంతా పై పొరే కాబట్టి క్రోమియం మొత్తం కనబడుతుంది, గన్ దాన్ని హెచ్చించి చెప్తుంది. సీసం విషయంలో ఆ హెచ్చింపు తక్కువ. అందుకే పలచటి పూత మీద క్రోమియం ఎప్పుడూ ఎక్కువ కనబడుతుంది. గీకి యాసిడ్‌లో కరిగించాక నిష్పత్తి చూడండి, అప్పుడు 4:1 నమ్మొచ్చు.

ఆర్సెనిక్ 38ని పట్టించుకోకండి. ఆర్సెనిక్ ప్రధాన రేఖ 10.54, సీసం ఎల్-ఆల్ఫా 10.55. పక్కపక్కన కాదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. సీసం చేసిన నేరానికి ఆర్సెనిక్ మీద కేసు పెడుతుంది గన్. నిజంగా ఆర్సెనిక్ ఉంటే 11.73 దగ్గర చిన్న రేఖ కనబడాలి. దాని పక్కనే 11.92లో బ్రోమిన్ రేఖ ఉంది, కాబట్టి బ్రోమిన్ ఉన్న ప్లాస్టిక్‌లో అదీ మోసమే. స్పెక్ట్రం తెరిచి చూడకుండా అంకె మాత్రమే చదివితే ఇలాంటివి దొరకవు.

బేరియం సంగతి: పూతల్లో బరువు కోసం బేరియం సల్ఫేట్ వేస్తారు. యాసిడ్‌లో దాదాపు కరగదు. ఐఎస్ఓ పరిమితి దిగే బేరియంకి 1000, మొత్తానికి కాదు. అంతేకాదు, గన్ బేరియాన్ని ఎల్ రేఖతో చూస్తోందా, కె రేఖతోనా? ఎల్ అయితే 4.47, తెల్ల రంగులోని టైటానియం 4.51. టైటానియంనే బేరియం అనుకుంటూ ఉండొచ్చు. 50 కిలోవోల్టుల ట్యూబు ఉంటే 32 కేఈవీ దగ్గర కె రేఖ చూసి తేల్చుకోవచ్చు.

ఆర్గాన్‌జ్వాల
సరే, ఒప్పుకున్నా. పలచటి పూత సంగతి మర్చిపోయా.

దిమ్మెలపెట్టె
ల్యాబ్‌కి పంపే ముందు నేనే గీకి పంపితే మంచిదా, దిమ్మెలు పంపాలా?

గీకుడుకత్తి
దిమ్మెలే పంపండి. గీకడంలోనే సగం ఫలితాలు చెడిపోతాయి, దాని లెక్క ఇదీ.

25 మైక్రాన్ల లోపు పూత, సాంద్రత 1.5 అనుకుంటే చదరపు సెంటీమీటరుకి 3 మి.గ్రా. చిల్లర వస్తుంది. 100 మి.గ్రా. కావాలంటే 30 చదరపు సెం.మీ. పైన గీకాలి. 4 సెం.మీ. దిమ్మె ఒక ముఖం 16 చదరపు సెం.మీ. అంటే మొత్తం సీసానికి ఒక దిమ్మె, యాసిడ్‌లోకి దిగే పరీక్షకి ఇంకొకటి, మళ్లీ చేయాల్సి వస్తే మూడోది. ఒకే బ్యాచ్ నుంచి కనీసం మూడు పసుపు దిమ్మెలు పంపండి. బొమ్మ కళ్ల మీద చుక్కల్లాంటి వాటికి అర చదరపు సెం.మీ. కూడా రాదు. ఒక్కో దాంట్లో మిల్లీగ్రామున్నర. 10 మి.గ్రా. పోగెయ్యాలంటే ఏడు బొమ్మల కళ్లు పీకాలి.

స్టీలు బ్లేడుతో గీకితే క్రోమియం, నికెల్, ఇనుము బ్లేడు నుంచే రాలతాయి. క్రోమియం, నికెల్ అంకెల పుట్టి ముంచడానికి ఆ రాలే పొడి చాలు. సిరామిక్ బ్లేడు వాడాలి. ఒక్కో రంగుకి కొత్త అంచు. నున్నటి కాగితం మీద గీకి, భూతద్దం కింద చెక్క పీచు ఏరేయాలి. 100 మి.గ్రా.లో 40 చెక్క అయితే సీసం అంకె అంతే పడిపోతుంది. మీకు పాస్ సర్టిఫికెట్ తేలిగ్గా ఇవ్వాలనుకున్నవాడు లోతుగా గీకుతాడు! గట్టి పూత వదలకపోతే డైక్లోరోమీథేన్ చుక్క వేసి మెత్తబడ్డాక లేపొచ్చు, ఫ్యూమ్ హుడ్‌లోనే. పూర్తిగా ఆరాకే తూయాలి.

యాసిడ్‌లోకి దిగే పరీక్షకైతే గీకినది 0.5 మి.మీ. జల్లెడ దాటాలి. మరీ పిండిలా నూరకూడదు, నూరితే ఉపరితలం పెరిగి అంకె పెరుగుతుంది. ఇద్దరు టెక్నీషియన్లు ఒకే దిమ్మెకి వేర్వేరు అంకెలు ఇవ్వడానికి ముఖ్య కారణం ఇదే.

తూకంరాయి
దానికి ఒక మెలిక. ఐఎస్ఓ 8124-3లో పూత 10 నుంచి 100 మి.గ్రా. మధ్యే దొరికితే 5 మి.లీ. ద్రావణంలోనే వేసి, 100 మి.గ్రా. వేసినట్టే లెక్క కట్టమంటుంది. అంటే 20 మి.గ్రా. రంగు నుంచి నిజానికి 200 మి.గ్రా./కి.గ్రా. దిగినా రిపోర్టులో 40 పడుతుంది. రిపోర్టులో ఎంత బరువు తూచారో రాయడం తప్పనిసరి. ఆ గడి ఖాళీగా ఉన్న రిపోర్టుని నేను నమ్మను.

సందేహాలపుట్ట
అది మోసం కదా?

తూకంరాయి
కాదు, అర్థం ఉంది. బొమ్మ మీద ఉన్నదే 20 మి.గ్రా. రంగు అయితే పిల్లాడు మింగగలిగేదీ అంతే. కాకపోతే ఉద్దేశపూర్వకంగా తక్కువ గీకి ఈ వెసులుబాటు వాడుకుంటే మోసమే.

ఆర్గాన్‌జ్వాల
దిగే పరీక్ష ఎలా జరుగుతుందో రాస్తున్నా, రిపోర్టు చదివేటప్పుడు పనికొస్తుంది.

బరువుకి 50 రెట్లు 0.07 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, 37 డిగ్రీల దగ్గర. 100 మి.గ్రా.కి 5 మి.లీ. ఒక నిమిషం కుదిపి పీహెచ్ చూడాలి. 1.5 దాటితే ఇంకొంచెం గాఢమైన యాసిడ్ చుక్కచుక్కగా వేసి 1.0, 1.5 మధ్యకి తేవాలి. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్ ఎక్కువున్న పూత యాసిడ్‌ని తినేస్తుంది. పీహెచ్ 4కి పోతుంది, సీసం దిగదు, రిపోర్టు పాస్. సుద్దముక్కలు, క్రేయాన్లు, ఆరిన బంకమట్టి విషయంలో మరీ జాగ్రత్త. క్రేయాన్లయితే మైనం యాసిడ్‌ని లోపలికి పోనివ్వదు, ముందు హెప్టేన్‌తో మైనం తీసేయాలి.

తర్వాత గంట కుదపడం, గంట కదపకుండా ఉంచడం. అంతా చీకట్లో. ఎందుకంటే కాడ్మియం సల్ఫైడ్ పిగ్మెంట్ వెలుతురులో ఆక్సీకరణ చెంది ఎక్కువ కరుగుతుంది. సీసాకి అల్యూమినియం రేకు చుడితే చాలు. ఆపైన 0.45 మైక్రాన్ల ఫిల్టరు. ఫిల్టరుని కూడా అదే యాసిడ్‌తో ఒకసారి నడిపి ఖాళీ సాంపిల్ చూడాలి, లేకపోతే అందులోంచి వచ్చిన జింకు, బేరియం బొమ్మ ఖాతాలో పడతాయి.

కొలిచే యంత్రం దగ్గర లెక్క: 90 మి.గ్రా./కి.గ్రా. అంటే ద్రావణంలో లీటరుకి 1.8 మి.గ్రా. మామూలు ఐసీపీ-ఓఈఎస్ (ప్లాస్మాలో లోహాలు వెలిగే కాంతిని కొలిచే యంత్రం) కళ్లు మూసుకుని చూస్తుంది. ఈఎన్ రెండో వర్గం, అంటే ద్రవాలు, జిగురు పదార్థాలకి సీసం 0.5. ద్రావణంలో లీటరుకి 10 మైక్రోగ్రాములు. అక్కడ ఓఈఎస్ తడుముకుంటుంది, ఐసీపీ-ఎంఎస్ (కాంతి బదులు అయాన్ల బరువు చూసేది) కావాలి. ఆరు వేలెన్సీ క్రోమియం (దాని విష రూపం) మొదటి వర్గానికి, అంటే పొడి, పెళుసు, మెత్తటి పదార్థాలకి 0.02, లీటరుకి 0.4 మైక్రోగ్రాములు. దానికి క్రొమటోగ్రఫీ ముందు తగిలించిన ఎంఎస్ తప్ప గతి లేదు.

ఎంఎస్ పెట్టగానే సమస్యలు తీరవు. ద్రావణమే హైడ్రోక్లోరిక్, ప్లాస్మా ఆర్గాన్. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిస్తే 75. ఆర్సెనిక్ కూడా 75. ఇలాంటి జంటల్ని ఆపే హీలియం సెల్ ఆన్ చేయకపోతే ఖాళీ యాసిడ్‌లో కూడా ఆర్సెనిక్ దొరుకుతుంది. సీసానికి 206, 207, 208 మూడు ఐసోటోపులూ కూడి చూడాలి, ఖనిజం ఎక్కడిదన్న దాన్నిబట్టి వాటి పాళ్లు మారతాయి. పాదరసం గొట్టాలకి అంటుకుని తర్వాతి సాంపిల్లో దిగుతుంది. కొంచెం బంగారు ద్రావణం కలిపితే అంటుకోకుండా కొట్టుకుపోతుంది. ఓఈఎస్‌లో కాడ్మియం 228.802 నానోమీటర్ల రేఖ ఆర్సెనిక్‌తో గుద్దుకుంటుంది, 214.438 వాడండి.

నస_నాణ్యత
మళ్లీ ఆర్సెనిక్కే. ఎక్కడ చూసినా ఇంకొకళ్ల వేషంలో ఉంటాడు.

పీపీఎం_పంతులు
ఆర్గాన్‌జ్వాల వదిలేసిన సంగతి: ఐఎస్ఓలో ఫలితం నుంచి దిద్దుబాటు శాతం తీసేస్తారు. సీసం, కాడ్మియం, బేరియం, క్రోమియంకి 30, పాదరసానికి 50, ఆర్సెనిక్, ఆంటిమొనీ, సెలీనియంకి 60. సీసం 120 వస్తే 36 తీసేసి 84, పాస్. ల్యాబ్‌ల మధ్య తేడాలు ఎక్కువని పెట్టిన వెసులుబాటు. రిపోర్టులో ఉన్న అంకె దిద్దక ముందుదా, దిద్దిన తర్వాతదా అని తప్పకుండా అడగండి.

రబ్బరుబాతు
చెక్క సరే. మెత్తటి ప్లాస్టిక్ బాతులకీ ఇదే లెక్కా?

కేఈవీ_కన్ను
ప్లాస్టిక్ ఒకే పదార్థం కాబట్టి గన్ అక్కడే నిజంగా పనికొస్తుంది. కానీ మెత్తటి ప్లాస్టిక్ అంటే చాలావరకు పీవీసీ, అందులో క్లోరిన్ చాలా ఎక్కువ. అది కిరణాల్ని మింగేస్తుంది. పాలిథిలిన్ లెక్కతో కొలిస్తే సీసం తక్కువ చూపిస్తుంది, పీవీసీ మోడ్ వేరే ఉండాలి. బాతు బోలు, గోడ పలచన. ఒక ముక్క కోసి నాలుగైదు పొరలు మడిచి 5 మి.మీ. పైన చేసి కొలవండి. లేకపోతే కిరణం అటువైపుకి దూరి బల్లని కొలుస్తుంది. బల్లకి ఇత్తడి పట్టీ ఉంటే బాతులో సీసం దొరుకుతుంది!

బొమ్మని చేత్తో పట్టుకుని గన్ ముందు పెట్టకండి. కిరణం మీ అరచేతిలోంచే పోతుంది. స్టాండు, మూత వాడండి.

నల్ల ప్లాస్టిక్ కనబడితే బ్రోమిన్, ఆంటిమొనీ కూడా చూడండి. రెండూ కలిసి ఉంటే పాత ఎలక్ట్రానిక్ పెంకుల్ని కరిగించి పోసినట్టు. వాటి వెంట సీసం, కాడ్మియం కూడా వస్తుంటాయి.

రబ్బరుబాతు
గన్ ఎంత చూపిస్తే పాస్ అనుకోవాలి? 99?

తూకంరాయి
కాదు. 100 పరిమితికి అటూ ఇటూ 30 శాతం ఎడం వదలండి. 70 లోపు, దాంట్లోంచి పొరపాటు పరిధి కూడా తీసేసి, పాస్. 130 పైన ఫెయిల్. మధ్యలోదంతా ల్యాబ్‌కి. ఎలక్ట్రానిక్స్‌లో 1000 పరిమితికి 700, 1300 అని పెట్టుకుంటారు, అదే తంతు. ± పక్కన ఉన్న అంకె ఒక సిగ్మానా (కొలత ఎంత ఊగుతుందో చెప్పే ప్రమాణం) మూడా అని గన్ సెట్టింగులో చూడండి. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు.

గొలుసుకట్టు
లోహపు బొమ్మల సంగతి ఎవరూ ఎత్తలేదు. లాకెట్లు, గంటలు, కారు చక్రాలు. అక్కడ అసలు ప్రమాదం గీకడం కాదు, మింగడం. 2006లో మినియాపోలిస్‌లో నాలుగేళ్ల పిల్లాడు గుండె ఆకారపు లాకెట్ మింగి చనిపోయాడు. అందులో 99 శాతం సీసం. పలచటి మెరుగు కింద ముద్ద సీసం.

గన్‌తో మెరుగు మీద కొలిస్తే నికెల్, క్రోమియం కనబడి తృప్తి పడతాం. ఆకురాయితో అంచు దగ్గర గాటు పెట్టి లోపలి లోహం మీద కొలవాలి. సీసం తగ్గించమంటే చౌక జింకు మిశ్రమంలోకి కాడ్మియం వచ్చి చేరింది, 2010లో ఆ గొడవంతా బయటపడింది. అందుకే అమెరికా బొమ్మల ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్963లో, నోట్లో పట్టే లోహపు ముక్కలకి 24 గంటలు యాసిడ్‌లో ఉంచి దిగే కాడ్మియం 200 మైక్రోగ్రాములు దాటకూడదని పెట్టారు. పీపీఎం కాదు, ముక్కకి మైక్రోగ్రాములు. రెండు గంటల పరీక్ష లోహానికి సరిపోదు, కడుపులో రోజుల తరబడి ఉండిపోతుంది.

సందేహాలపుట్ట
పెద్ద కంపెనీల బొమ్మలు కొంటే ఈ తలనొప్పి ఉండదుగా?

నస_నాణ్యత
2007లో మ్యాటెల్ లాంటి కంపెనీయే సీసం రంగు వల్ల లక్షల బొమ్మలు వెనక్కి పిలిపించుకుంది. ఫ్యాక్టరీ కింద ఉప కాంట్రాక్టరు, వాడు ఆమోదం లేని రంగు వాడాడు. సాంపిల్ పాస్, సరుకు ఫెయిల్. పేరు చూసి కాదు, బ్యాచ్ చూసి నమ్మాలి.

దిమ్మెలపెట్టె
ల్యాబ్ ఫలితాలు వచ్చాయి. పసుపు పూత ఒక్కటే, సిరామిక్ బ్లేడు, 104 మి.గ్రా. తూచారు.
మొత్తం సీసం 9400 మి.గ్రా./కి.గ్రా., మొత్తం క్రోమియం 2380.
యాసిడ్‌లోకి దిగిన సీసం 61, దిద్దుబాటు లేకుండా.

ఆర్గాన్‌జ్వాల
9400 భాగించు 2380, 3.95. సీసపు క్రోమేటే. గీకుడుకత్తికి దండం.

కేఈవీ_కన్ను
గన్ 310, నిజం 9400. ముప్పై రెట్లు. చెక్క మీద పూతకి ప్లాస్టిక్ మోడ్ అంకె ఎవరైనా చూపిస్తే ఈ థ్రెడ్ లింకు ఇవ్వండి.

పీపీఎం_పంతులు
ఇప్పుడు ఒకే దిమ్మెకి తీర్పులు చూడండి. ఐఎస్ఓ 8124-3 ప్రకారం 61, పరిమితి 90, దిద్దకపోయినా పాస్. ఈఎన్ పాత అంకె 160 కింద పాస్. ఈఎన్ ఇప్పటి 23 కింద ఫెయిల్. అమెరికా మొత్తం సీసం 90 కింద వంద రెట్లు ఫెయిల్. క్రోమేట్ కొంచెమే దిగుతుంది కాబట్టి ఈ తమాషా.

ఏ దేశంలో అమ్మినా 9400 ఉన్న దిమ్మెని నేనైతే వదలను. రెండు గంటల యాసిడ్‌కి కరగలేదంటే అరిగి దుమ్మయి రోజూ చేతికి అంటుకున్నా కరగదని కాదు.

తూకంరాయి
దాంతో పూర్తిగా ఒప్పుకోను. నియమం పాస్ అయితే పాస్ అనే చెప్పాలి, లేకపోతే ప్రమాణం ఎందుకు? కానీ కొనేవాడుగా ఆర్డరులో అంతకన్నా గట్టి షరతు పెట్టుకోవడం మీ ఇష్టం, పెట్టుకోవాలి కూడా. 'ఒక్కో రంగు విడిగా, మొత్తం సీసం 90 లోపు, మిశ్రమం వద్దు, తూచిన బరువు, బ్యాచ్ నంబరు, సాంపిల్ ఫొటో రిపోర్టులో ఉండాలి' అని రాయండి. మొత్తమే 90 లోపు ఉంటే దిగేది ఎప్పుడూ 90 దాటదు. యూరప్ 23కి మాత్రం విడిగా చూడాల్సిందే.

గీకుడుకత్తి
ల్యాబ్‌ని ఇంకో మాట అడగండి: ఆ బ్యాచ్‌తో పాటు ఏ ప్రమాణ పదార్థం (అంకె ముందే తెలిసిన సాంపిల్) నడిపారు? పూతకి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వాళ్ల 2582 ఉంది, సీసం 200 దరిదాపు. అది 180, 220 మధ్య రాకపోతే 9400 కూడా నమ్మొద్దు. కరిగించాక అడుగున తెల్లటి పొడి మిగిలిందా అనీ అడగండి. టైటానియం, బేరియం సల్ఫేట్ మిగలడం మామూలే. కానీ సల్ఫేట్ పట్టుకుని కొంత సీసం అడుగునే ఉండిపోతుంది, నిజం 9400 కన్నా ఇంకా ఎక్కువే కావచ్చు.

దిమ్మెలపెట్టె
అడిగాను. 2582 మీద 203 వచ్చిందట. అడుగున తెల్ల పొడి ఉందట. పసుపు దిమ్మెలున్న బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాను.
ఒక్క చిన్న అనుమానం. ఇవాళ ఎరుపు దిమ్మె మళ్లీ కొలిస్తే సీసం 26 ± 11. మొదట్లో లేదు.

తూకంరాయి
± ఒక సిగ్మా అయితే మూడు సిగ్మాలు 33. 26 దాని లోపే. అంటే కొలతలో ఊగిసలాటే, సీసం కాదు.

కేఈవీ_కన్ను
లేదా గన్ మూతి పొర మీద పసుపు పొడి అంటుకుంది. గీకిన దిమ్మె మీద పెట్టారా ఎప్పుడైనా? పొర మార్చి, శుభ్రమైన ఖాళీ ప్లాస్టిక్ పలక మీద 120 సెకన్లు పెట్టి చూడండి. అక్కడ కూడా 20 పైన వస్తే గన్‌దే తప్పు.

దిమ్మెలపెట్టె
పెట్టాను, గీకిన పసుపు దిమ్మె మీదే. పాత పొరతో ఖాళీ పలక మీద 24. కొత్త పొరతో పలక సున్నా, ఎరుపు సున్నా.